"డిడ్ నాట్ కేమ్" తప్పు తెలుగు నుంచి రాలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో వారం వారం వేసే ఇంగ్లీషు పాఠం గురించి ఈ ఉత్తరం. పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 17 ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. మీ పాఠాన్ని కత్తిరించి మా తొమ్మిదో తరగతి గోడకి అంటించడం నాకు అలవాటు. పిల్లలు ఇంటర్వెల్లో గుంపుగా నిలబడి చదువుతారు, కొందరు నోటుబుక్కులో ఎక్కించుకుంటారు కూడా. ఈ మధ్య మీరు వరుసగా ఫ్రేజల్ వెర్బ్స్, అంటే గో ఆఫ్, గివ్ అప్ లాంటి జంట మాటల క్రియలు వేస్తున్నారు, వారానికి పది చొప్పున, ఒక్కోదాని పక్కన ఒక్కో అర్థం. సోమవారం అంటించినవి శనివారం అడిగితే పదిలో రెండు కూడా గుర్తుండటం లేదు. అంతకు ముందు డిడ్ నాట్ మీద ఒక పాఠం వేశారు, "డిడ్ తర్వాత వి వన్ వాడాలి" అని ఒక్క లైను (కమ్ లాంటి మొదటి రూపం వి వన్, కేమ్ లాంటి జరిగిపోయిన రూపం వి టూ), దాని కింద పది వాక్యాలు. అదీ అంతే, గోడ మీద ఉంది గానీ పిల్లల చేతికి రాలేదు. మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయడం లేదు, ఎందుకంటే నేనూ ఇన్నేళ్ళూ అచ్చంగా అలాగే చెప్పాను.

ఫిబ్రవరిలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు అది మిరప కోతల కాలం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నాలుగు రోజులు బడికి రాలేదు, ఐదో రోజు లీవ్ లెటర్ పట్టుకుని వచ్చింది. అందరూ రాసేది తెలుసుగా మీకు, "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని తరతరాలుగా ఒకటే ఉత్తరం. ఈ పిల్ల మాత్రం ఉన్నదున్నట్టు సొంతంగా రాసింది: "ఐ డిడ్ నాట్ కేమ్ టు స్కూల్. ఐ వెంట్ టు మిర్చి ఫీల్డ్ విత్ మై మదర్." నాకు ముచ్చటేసింది. అయినా చెయ్యి ఊరుకోదు కదా, ఎర్ర పెన్నుతో "కేమ్" చుట్టూ సున్నా చుట్టి "కమ్" అని రాసిచ్చాను. పిల్ల కదల్లేదు. "టీచర్, నేను రానిది పోయిన వారం కదా, జరిగిపోయినదానికి వి టూ రాయమని మీరే చెప్పారు, మరి కేమ్ ఎందుకు తప్పు?" అంది. "డిడ్ వస్తే వి వన్ రాయాలమ్మా, అది రూలు" అన్నాను. తల ఊపి వెళ్ళి కూర్చుంది గానీ, ఆ తల ఊపడంలో అర్థమైన జాడ లేదు.

సాయంత్రం బడి వదిలే వేళకి వాళ్ళమ్మ గేటు దగ్గర కనిపించింది. "ఏమనుకోవద్దు టీచరమ్మా, కూలోళ్ళు దొరకలేదు, అందుకే పిల్ల రాలేదు" అంది. ఆ మాట విని ఇంటికి బస్సెక్కాను, దారిలో ఉండగా తట్టింది. దొరకలేదు, రాలేదు. ఈవిడ "దొరికారు లేదు" అనలేదు, "వచ్చింది లేదు" అనలేదు. ఇన్నేళ్ళూ నేను రూలు రూలు అని నెత్తిన మొట్టి చెబుతున్నది ఆవిడ నోట పుట్టినప్పటి నుంచీ ఉంది.

కొంచెం ఓపిగ్గా చూడండి. మనం ఔను అనేటప్పుడు వచ్చాను, వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని రకరకాలుగా అంటాం. కాదు అనేటప్పుడు అవన్నీ పోయి "రాలేదు" ఒక్కటే మిగులుతుంది. నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు. తిన్నాను అన్నవాళ్ళం తినలేదు అంటాం, "తిన్నలేదు" అని ఎవరూ అనరు. చూశాను అన్నదాంట్లో "శా" ఉంది, చూడలేదులో అది లేదు. పడ్డాను, పడలేదు. కొన్నాను, కొనలేదు. పని జరిగిపోయిందని చెప్పే గుర్తు క్రియలోంచి ఊడిపోయి, ఆ బరువంతా "లేదు" నెత్తిన పడింది. క్రియ ఏ గుర్తూ లేని మొదటి రూపానికి వెళ్ళిపోయింది. ఇంగ్లీషులో జరిగేది కూడా ఇదే. కేమ్ అన్నది డిడ్ నాట్ కమ్ అవుతుంది, ఏట్ అన్నది డిడ్ నాట్ ఈట్ అవుతుంది, సా అన్నది డిడ్ నాట్ సీ అవుతుంది. కాలం గుర్తు డిడ్ తీసేసుకుంది, క్రియ వట్టిగా మిగిలింది. ఐ, హి, దే ఏదైనా సరే డిడ్ నాట్ మారదు, మన లేదు మారనట్టే.

మర్నాడు బోర్డు మీద ఎడమ పక్క "వచ్చాను - రాలేదు", కుడి పక్క "కేమ్ - డిడ్ నాట్ కమ్" అని రాసి, ఏం చెప్పకుండా చాక్‌పీస్ ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను. తిన్నాను రాసింది, తినలేదు రాసింది, కాసేపు ఆగింది. కుడి పక్కన "ఏట్" రాసి, మళ్ళీ ఆగి, "డిడ్ నాట్ ఈట్" రాసింది. "వచ్చాను లేదు అన్నట్టు అవుతుంది టీచర్, డిడ్ నాట్ కేమ్ అంటే" అని తనే చెప్పింది, నేను చెప్పాల్సిన మాట. ఆ రోజు నుంచి ఆ క్లాసులో ఎవరైనా డిడ్ నాట్ వెంట్ అంటే పక్కవాళ్ళే "వెళ్ళాను లేదా?" అని అడుగుతున్నారు, అడగగానే దిద్దుకుంటున్నారు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒకటుంది. "మీ పిల్లలు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో మాట్లాడతారు, అందుకే తప్పులు" అని ట్రైనింగుల్లో, సెమినార్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. డిడ్ నాట్ కేమ్ అన్న తప్పు తెలుగు నుంచి రానే రాలేదు. తెలుగులో నిజంగా ఆలోచించిన పిల్ల ఆ తప్పు చేయదు. "నిన్న అంటే వి టూ, నిన్న అంటే వి టూ" అని గో వెంట్ గాన్ పాటలా మేం వల్లె వేయించాం చూడండి, తప్పు అక్కడ పుట్టింది. పిల్లకి ఉన్న భాషని బయట నిలబెట్టి తలుపేశాం, తర్వాత తప్పంతా దాని మీదకు తోశాం. నాకు నిజంగా బాధగా ఉంది ఈ సంగతి, 17 బ్యాచ్‌ల పిల్లలు గుర్తొస్తున్నారు.

మరొకటి కూడా తెలుగులోనే దొరుకుతుంది. పిల్లలు "ఐ డిడ్ నాట్ ఎట్ హోమ్" అనీ, "హి వజ్ నాట్ కమ్" అనీ, ఇంకా కొందరు "ఐ యామ్ నాట్ కేమ్" అనీ రాస్తారు. వజ్ నాట్ ఎప్పుడు, డిడ్ నాట్ ఎప్పుడు అన్నది వాళ్ళకి పెద్ద టెన్షన్. మన మాట చూడండి: నిన్న నేను ఇంట్లో లేను, వాడు లేడు, వాళ్ళు లేరు. ఇక్కడ మనిషిని బట్టి మారుతోంది కదా, ఇంగ్లీషులో కూడా మారుతుంది, ఐ వజ్ నాట్, దే వర్ నాట్. నేను తినలేదు, వాడు తినలేదు, వాళ్ళు తినలేదు, ఇక్కడ మారడం లేదు, అక్కడ డిడ్ నాట్ కూడా మారదు. లేను, లేడు, లేరు ఒంటరిగా నిలబడి మారుతుంటే వజ్ నాట్ వైపు, లేదు అనేది క్రియకి అతుక్కుని మారకుండా ఉంటే డిడ్ నాట్ వైపు. చేయలేను, చేయలేడు అనేవి వేరు, అవి చేతకాదని చెప్పే మాటలు, వాటికి క్యానాట్ ఉంది. "ఇంకా తినలేదు" అని ఇంకా చేరితే హ్యావ్ నాట్ ఈటెన్ యెట్ అనాలి, అది తర్వాతి మెట్టు. వస్తువుల విషయంలో, ఒక్క ఆడమనిషి విషయంలో మాత్రం "పుస్తకం బల్ల మీద లేదు", "అమ్మ ఇంట్లో లేదు" అని అక్కడా లేదు అనే అంటాం కాబట్టి ఆ చోట్ల పిల్లలకి చూపించి చెప్పాలి, క్రియకి అతుక్కుందా, విడిగా ఉందా అని.

అసలు ఈ డిడ్ ఎందుకు వచ్చి చేరిందని ఒక అబ్బాయి అడిగాడు. పాత ఇంగ్లీషులో అది అన్ని చోట్లా ఉండేది కాదు. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో "దే నో నాట్ వాట్ దే డూ" అని ఉంటుంది, మా బడిలో చర్చికి వెళ్ళే పిల్లలు కొందరు విన్న వాక్యమే. ఇప్పుడైతే డోంట్ నో అంటాం. కాలం గడిచేకొద్దీ ఆ డూ, డిడ్ అక్కడ స్థిరపడిపోయాయి. పల్నాడులో మేం రాలేదు అంటాం, తెలంగాణలో రాలే అంటారు, డిడ్ నాట్ కూడా నోట్లో నలిగి డిడింట్ అయింది. భాష మనుషుల నోట్లో అరుగుతుందని పిల్లలకి చెబితే ఇంగ్లీషు మీద భయం కొంత తగ్గింది.

తెలుగు మనల్ని పక్కదారి పట్టించే చోట్లు లేవని నేను అనను. ఉన్నాయి, అవి కూడా తెలుగుతోనే చూపించాలి. "ఎవరూ రాలేదు" అంటాం మనం. దాన్నే పిల్లలు "నోబడీ డిడ్ నాట్ కమ్" అని రాస్తారు, ఎందుకంటే మనకి ఎవరూ అన్నాక లేదు రావాల్సిందే. ఇంగ్లీషులో నోబడీలోనే లేదు ఉంది, కాబట్టి "నోబడీ కేమ్" అంటే చాలు, అక్కడ డిడ్ నాట్ అక్కర్లేదు, కేమ్ తన రూపంలో తను ఉంటుంది.

ఇంతకంటే చిక్కుది ఔను, కాదు. "తినలేదా?" అని అడిగితే మనం "అవును, తినలేదు" అంటాం, అడిగినవాళ్ళు అన్నది నిజమేనని ఒప్పుకోవడం అన్నమాట. ఇంగ్లీషులో జరగని పనికి నో అనే అనాలి, "నో, ఐ డిడింట్". మా అత్తగారు అమెరికాలో ఉన్న మా బావగారి దగ్గరికి వెళ్ళినప్పుడు పరగడుపున రక్త పరీక్షకి తీసుకెళ్ళారు. అక్కడి నర్సు "యూ డిడింట్ ఈట్ ఎనీథింగ్ దిస్ మార్నింగ్?" అని అడిగింది. ఈవిడకి ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమైంది, "యస్" అంది, అంటే అవును తినలేదు అని. నర్సు తిన్నారనుకుంది, మర్నాడు రమ్మని పంపేసింది. షుగర్ ఉన్న మనిషి, ముందు రోజు రాత్రి ఏడింటి నుంచి ఏమీ తినలేదు, కళ్ళు తిరుగుతూ ఇంటికొచ్చింది. ఆవిడకి రానిది ఇంగ్లీషు మాటలు కావు, ఈ ఒక్క తేడా ఎవరూ చెప్పలేదు అంతే. మీ పాఠంలో ఈ ఒక్కటీ వేస్తే విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే ఎన్ని వేల మంది అమ్మానాన్నలకి పనికొస్తుందో ఆలోచించండి.

ఇక ఫ్రేజల్ వెర్బ్స్ సంగతి. ఈ పేరే 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత వల్ల వాడుకలోకి వచ్చింది, దాన్ని సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు. పేరు పెట్టకముందు నుంచీ ఇంగ్లీషు జనం వాటిని వాడుతూనే ఉన్నారు. మన దగ్గర మాత్రం అవి కాంపిటీటివ్ పరీక్షల గైడ్లలో ఐదు వందల లిస్టుగా కనబడతాయి. ఒక కోచింగ్ సెంటర్లో డబ్బు కట్టి చేరిన మా పాత విద్యార్థి ఒకడు ఆ లిస్టు తెచ్చి చూపించాడు, గో ఆఫ్ పక్కన "పేలు" అని ఉంది, అంతే.

ఆ గో ఆఫే మా తమ్ముడి ఉద్యోగం మీదకి తెచ్చింది. వాడు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నైట్ షిఫ్ట్ చేసేవాడు, సర్వర్లని కనిపెట్టుకుని ఉండటం పని. ఒక రాత్రి అమెరికా నుంచి మెసేజ్ వచ్చింది: "ది అలారం వెంట్ ఆఫ్ ట్వైస్. ప్లీజ్ లుక్ ఇంటూ ఇట్." ఫ్యాన్ ఆఫ్, మోటార్ ఆఫ్, మరి అలారం ఆఫ్ అయిందంటే గొడవ సద్దుమణిగిందని అనుకున్నాడు. లుక్ ఇంటూ అంటే ఆరా తీయమని, వీడు చూడమన్నారు కదా అని స్క్రీన్ వైపు చూశాడు, ఏదీ మోగడం లేదు, ఊరుకున్నాడు. తెల్లారేసరికి పెద్ద ఎస్కలేషన్, అంటే పైవాళ్ళ దాకా ఫిర్యాదు. బీటెక్ ఫస్ట్ క్లాసులో పాసైన వాడు, గో ఆఫ్ అంటే పేలు అని ఏనాడో బట్టీ పట్టినవాడు. అలారం పేలదు కాబట్టి ఆ అర్థం వాడికి తట్టనే లేదు.

నేను వాడికి చెప్పింది ఇదీ. మనం "అలారం కొట్టింది" అంటాం, అది ఎవర్నీ కొట్టలేదు. కొట్టడం అంటే దెబ్బ వేయడమని మాత్రమే నేర్చుకున్న పరాయివాడు ఆ మాట విని ఎంత తికమకపడతాడో, వెంట్ ఆఫ్ విని నువ్వూ అంతే తికమకపడ్డావు. ఊరికే ఉన్నది ఒక్కసారిగా మొదలైతే గో ఆఫ్, తుపాకీ అయినా బాంబు అయినా అలారం అయినా. లైట్లు వెంట్ ఆఫ్ అంటే కరెంటు పోవడం, పాలు వెంట్ ఆఫ్ అంటే బ్రిటన్‌లో పాలు పాడైపోవడం. మరి మనకి కరెంటు పోయింది, పరువు పోయింది, మనిషి పోయాడు, జ్వరం పోయింది అన్నింటికీ ఒకే పోవడం కదా, ఏది ఏంటో ఎవరైనా లిస్టు ఇచ్చారా మనకి?

మా బడిలో ఒడిశా నుంచి ఇటుక బట్టీల పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు ఉంటారు, తెలుగు అక్కడికక్కడ నేర్చుకుంటారు. ఒకసారి ఆరో తరగతిలో కొత్తగా చేరిన బాబుని "ఫ్యాన్ వెయ్యి నాన్నా" అన్నాను. వాడు స్విచ్ దాకా వెళ్ళి నిలబడిపోయాడు. "ఫ్యాన్ ఆగే ఉంది కదా టీచర్" అన్నాడు. తలుపు వెయ్యి అంటే మూయడమని వాడు అప్పటికే నేర్చుకున్నాడు మరి. తలుపు వేస్తే మూసుకుంటుంది, లైటు వేస్తే వెలుగుతుంది, రోడ్డు వేస్తే ఊరికి బస్సొస్తుంది, ఓటు వేస్తే వేలికి సిరా పడుతుంది. ఈ వేయడాలన్నీ మనకి నీళ్ళు తాగినంత సులువు. నెల తిరిగేసరికి ఆ బాబుకీ సులువయ్యాయి, ఎందుకంటే వాడు వాటిని లిస్టులో చదవలేదు, తలుపు దగ్గర, స్విచ్ దగ్గర, ఒక్కొక్కటిగా పట్టుకున్నాడు.

మన క్రియలకి తోకలున్నాయి. తిను అనేదానికి తినేయ్ అనేదానికి తేడా ఏమిటో అడిగితే పిల్లలు వెంటనే చెబుతారు, తినేయ్ అంటే మిగల్చకుండా తినమని. అదే ఈట్ అప్. తాగేయ్ అంటే డ్రింక్ అప్. ఇచ్చేయ్ అంటే గివ్ అవే, పారేయ్ అంటే త్రో అవే. చెరువు ఎండిపోయింది, డ్రైడ్ అప్. గుడిసె కాలిపోయింది, బర్న్‌డ్ డౌన్. చెప్పులు అరిగిపోయాయి, వోర్ అవుట్. బస్సు దారిలో చెడిపోయింది, బ్రోక్ డౌన్. ఏయ్, పో అనే మన తోకలు చేసే పని అక్కడ అప్, డౌన్, అవే, అవుట్ చేస్తున్నాయి, పని పూర్తిగా అయిపోయిందని చెప్పడం. అన్నింటికీ కుదరదు ఈ లెక్క, కానీ ముందు ఇది తెలిస్తే పిల్లకి ఆ చిన్న మాటలు అడ్డంగా కనబడవు. విడదీస్తే అర్థం రానివీ మనకి బోలెడున్నాయి. వాణ్ణి వెనకేసుకొచ్చాడు అంటే వీపున మోసుకు రాలేదు, నోరు పారేసుకుంది అంటే నోరు ఎక్కడా పడిపోలేదు. స్టాండ్ అప్ ఫర్ అనేదాన్ని వెనకేసుకు రావడం పక్కన పెట్టి చెబితే మా పిల్లలు మళ్ళీ మర్చిపోలేదు.

ఇంకో దారి కూడా ఉంది, మనం ఇప్పటికే తెలుగులో కలిపేసుకున్న మాటలు. పోలీస్ స్టేషన్లో లాకప్ అంటే ఏంటో ఊళ్ళో ముసలమ్మకి కూడా తెలుసు. మిల్లు లాకౌట్ అంటే ఏంటో కార్మికులున్న ప్రతి ఊరికీ తెలుసు. 2020 మార్చి నుంచి లాక్‌డౌన్ అంటే ఏంటో పసిపిల్లలకీ తెలిసింది. తాళం ఒకటే, లోపల పెట్టి వేస్తే అప్, బయటికి నెట్టి వేస్తే అవుట్, ఉన్నచోటే కదలకుండా అణిచి వేస్తే డౌన్. ఈ మూడూ బోర్డు మీద రాసిన రోజు వెనక బెంచీ అబ్బాయిలు కూడా ముందుకొచ్చి కూర్చున్నారు. మరి లేఅవుట్, లేఆఫ్? పల్నాడులో ప్లాట్లు వేసిన ప్రతి పొలం లేఅవుటే, హైదరాబాదు నుంచి ఉద్యోగం పోయి వచ్చిన అన్నలది లేఆఫ్. గెటప్, బిల్డప్, సెండాఫ్, చెకప్, రనౌట్, కటాఫ్, ఇవన్నీ పిల్లలే చెప్పారు, నేను రాయలేక అలిసిపోయాను. నామవాచకాలుగా నోట్లో నానుతున్న వీటిని విడదీసి క్రియలుగా చూపించడమే మిగిలిన పని. డాక్టర్ చెకప్ చేశాడు అనే పిల్లకి "ది డాక్టర్ చెక్‌డ్ అప్ ఆన్ హిమ్" దూరం కాదు, బాగున్నాడో లేదో ఓసారి వచ్చి చూసి వెళ్ళాడని.

మన దేశంలో చెల్లి బయట చెల్లనివి కూడా పత్రికే చెప్పాలి. మా పాత విద్యార్థిని ఒకామె దుబాయ్‌లో ఉద్యోగానికి మెయిల్ రాసింది, "ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2019" అని. ఇక్కడ అందరం చదువు పూర్తయిందనే అర్థంలో అంటాం, ఇంగ్లీషు సొంత భాషగా ఉన్న చాలామందికి అది స్పృహ తప్పి పడిపోయానని వినబడుతుంది. గ్రాడ్యుయేటెడ్ అంటే సరిపోతుంది. అలాగే కోప్ అప్ విత్ అని మనవాళ్ళు ఎంత పెద్ద చదువు చదివినా అంటారు, అక్కడ అప్ అక్కర్లేదు, కోప్ విత్ చాలు. దాన్ని వాయిదా వెయ్యి అనడానికి పుట్ ఆఫ్ ఇట్ అనకూడదు, పుట్ ఇట్ ఆఫ్ అనాలి, ఇట్ లాంటి చిన్న మాట మధ్యలో దూరుతుంది. మనం కూడా ఒత్తి చెప్పేటప్పుడు మొదలుపెట్టలేదు అనేదాన్ని "మొదలే పెట్టలేదు" అని మధ్యలో చీలుస్తాం, పూర్తిగా ఒకటి కాకపోయినా మాట విడిపోవడం మనకి కొత్త కాదని పిల్లకి తెలుస్తుంది.

ఇదంతా నేను కనిపెట్టిన విద్య కాదు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే ఆయన్ని తలుచుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవరలనే గిరిజనుల భాష వాళ్ళ దగ్గరే నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని సొంత డబ్బు, ఆరోగ్యం ఖర్చు పెట్టాడు. పిల్ల నోట ఉన్న భాష దగ్గర మొదలుపెట్టాలన్నది ఆయన వందేళ్ళ కిందట చేసి చూపించిన పని. ఇప్పుడు మా బడుల్లో సైన్సు, లెక్కల పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా వచ్చాయి. అర్థం కాని చోట పిల్ల కన్ను పక్క పేజీకి వెళ్ళడం రోజూ చూస్తున్నాను. ఇంగ్లీషు గ్రామరుకి అలాంటి ఎదుటి పేజీ ఎవరు ఇస్తారు? రోజూ లక్షల ఇళ్ళకి వెళ్ళేది మీ కాగితమే.

అందుకని నా విన్నపం ఒక్కటే. వారానికి పది వద్దు, రెండు వేయండి. ఆ రెండింటికీ ముందు మన ఇంట్లో, పొలంలో, బస్సులో అనుకునే తెలుగు వాక్యం వేసి, దాని ఎదురుగా ఇంగ్లీషు వాక్యం వేయండి, తెలుగు ఎక్కడ దారి చూపిస్తుందో, ఎక్కడ పక్కకి లాగుతుందో రెండు ముక్కల్లో చెప్పండి. "లేదు - డిడ్ నాట్" పాఠం మాత్రం మళ్ళీ మొదటి నుంచి వేయండి, వచ్చే జూన్‌లో బడులు తెరిచే వారంలో అయితే మరీ మంచిది, ఎందుకంటే కొత్త తరగతిలో చేరిన పిల్లలు మొదటి రోజే "సెలవుల్లో ఏం చేశాను, ఏం చేయలేదు" అని రాస్తారు.

ఉత్తరంతో పాటు మా పిల్లల నోటుబుక్కుల్లోంచి రెండు పేజీలు జిరాక్స్ తీసి పెడుతున్నాను, పేర్లు కొట్టేశాను. మొదటి పేజీలో మిరప కోతకి వెళ్ళిన అమ్మాయి లీవ్ లెటర్ ఉంది, నా ఎర్ర సున్నాతో సహా. రెండోది మార్చిలో ఆ అమ్మాయే రాసింది: "మై మదర్ డిడ్ నాట్ సెండ్ మి టు ది ఫీల్డ్ దిస్ వీక్. షి డిడ్ నాట్ గివ్ అప్. షి ఫౌండ్ టూ వర్కర్స్." గివ్ అప్ నేను చెప్పలేదు, గోడ మీద మీ పాఠంలోంచి తీసుకుంది. చేతులెత్తేయడమంటే అదే కదా టీచర్ అని అడిగి మరీ రాసింది. చోటుంటే ఆ పేజీ కూడా అచ్చు వేయండి, చూసుకుని సంతోషపడుతుంది.

ఇట్లు,
ఒక హైస్కూల్ ఇంగ్లీషు టీచరు,
పల్నాడు జిల్లా